ముల్లు తీసిన చోట

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ఎవరూ ఎవరితోనూ మాటలు మానేసేవారు కాదు. మానేసినా పొద్దు వాలేలోగా మళ్ళీ కలిసిపోయేవారు.

పొద్దున పంపకాల దగ్గర చొక్కాలు పట్టుకున్న అన్నదమ్ములు సాయంత్రానికి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి ప్లేటులోంచి ఒకరు బజ్జీలు తీసుకు తినేవారు. అత్తగారి మాట పడక పుట్టింటికి వెళ్ళిన కోడలు మర్నాడే నవ్వుతూ తిరిగి వచ్చేది. ప్రతి అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో, జిమ్ పక్కన, 'విశల్య' అని పేరు రాసిన ఓ చిన్న గది ఉండేది. మర్యాదలు తక్కువయ్యాయని అలిగే వియ్యాలవారి కోసం కల్యాణ మండపాల వెనక కూడా ఒకటి పెట్టించేవారు. పనిలేక మూతపడిన ఫ్యామిలీ కోర్టు భవనంలో పిల్లలకు నాట్యం నేర్పేవారు. ఆటలో కొట్టుకున్న చిన్నపిల్లలు సైతం "పద, ముల్లు తీయించుకుందాం" అనుకునేవారు.

ఇది ఇరవై ఒకటో శతాబ్దం చివరి రోజుల మాట. అప్పటికి పాత బీచ్ రోడ్డు నీళ్ళ కింద ఉంది. ఊరికీ సముద్రానికీ మధ్య కొండంత గోడ లేచింది.

విశల్యను తయారుచేసింది ఇద్దరు స్నేహితులు, డాక్టర్ లక్కరాజు శర్వాణి, డాక్టర్ జహీరుద్దీన్. మెడికల్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచీ వాళ్ళు కలిసే పనిచేస్తున్నారు. శర్వాణి పెరిగిన ఇంట్లో అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. "పులుసులో ఉప్పు తక్కువైందని మీ అమ్మతో చెప్పు" అని నాన్న, "కావాలంటే కలుపుకోమను" అని అమ్మ. ఇద్దరూ ఒకే గదిలో ఉండగానే ఆ మాటలు మోసే పని ఆ పిల్లది. మనుషులను మళ్ళీ కలపగల యంత్రం ఒకటి ఉండాలన్న కోరిక ఆమెకు అక్కడే పుట్టింది.

యంత్రం చేసే పని వినడానికి తేలికే. మనిషి ఒక జ్ఞాపకాన్ని తలుచుకున్న ప్రతిసారీ అది మెదడులో కాసేపు మెత్తబడి, మళ్ళీ గట్టిపడుతుంది. కుమ్మరి చేతిలోని తడిమట్టి లాంటి ఆ కాసేపటికి శర్వాణి 'మృదుస్మృతి దశ' అని పేరు పెట్టింది. జరిగిన సంగతి మెదడులో ఒకచోట దాగితే, దాని బాధ అమిగ్దల అనే బాదంగింజంత భాగంలో దాగుతుంది. జ్ఞాపకం మెత్తగా ఉన్నప్పుడు ఆ రెంటినీ కలిపే న్యూరాన్ల దారాన్ని అల్ట్రాసౌండ్ తరంగాలతో వదులు చేస్తే, సంగతి సంగతిగా మిగిలిపోతుంది, బాధ మాత్రం పోతుంది. ఒంట్లో దిగిన బాణపు ములుకులను బయటికి లాగే మూలిక విశల్యకరణి. యంత్రానికి ఆ మూలిక పేరు పెట్టాలని తట్టింది జహీర్‌కే.

"మనం ఎవరి జ్ఞాపకాన్నీ చెరపడం లేదు. ముల్లు తీస్తున్నాం, అంతే" అనేవాడతను, అడిగిన ప్రతివారితోనూ.

నూకరత్నం, సింహాద్రి ఆ డాక్టర్లిద్దరూ పనిచేసే విశల్య కేంద్రానికి వచ్చింది ఒక వేసవి మధ్యాహ్నం. ఇద్దరూ తోడబుట్టినవాళ్ళు, భీమిలి జాలరిపేట మనుషులు. వాళ్ళను చెరో చేత్తో పట్టుకుని లాక్కొచ్చింది నూకరత్నం పెద్దకూతురు కావేరి. ఇంటర్ చదువుతోంది. చిన్నకూతురు చిత్ర అక్క వెనకే నిలబడి గది నాలుగు మూలలూ చూస్తోంది.

"మా మావయ్య అమ్మతో మాట్లాడి ఆరేళ్ళయింది డాక్టర్ గారూ. ఇక్కడికి రమ్మంటే ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒప్పుకోలేదు. రెండిళ్ళ మధ్య ఒక్క గోడే. పండక్కి అరిసెలు నేనే గోడ మీంచి అందిస్తాను. ఇంక నావల్ల కాదు" అంది కావేరి.

శర్వాణికి తన చిన్నతనం గుర్తొచ్చింది. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

కుర్చీలో కూర్చోబోతూ నూకరత్నం అన్నకేసి చూడకుండానే అంది. "నా పెనిమిటిని సంద్రంలో వొదిలీసి వొచ్చినాడమ్మా ఈడు. ఒడ్డుకి ఒక్కడే వొచ్చి ఇసకలో కూలబడ్డాడు. ఆయనేడీ అనడిగితే మాట లేదు. ఇంక నానేటి మాటాడాలి ఈడితో?"

సింహాద్రి తల వంచుకుని ఉన్నాడు. అలాగే నెమ్మదిగా చెప్పాడు. అతనికి సముద్రం మీద నాచు తోటలున్నాయి. వెదురు తెప్పలకు తాళ్ళు కట్టి పెంచే తోటలు. ఆ రోజు అతను చెల్లెలి మొగుడు గౌరీశును వెంటబెట్టుకుని తోటకు వెళ్ళాడు. పడవలో హెచ్చరించే గొంతు ఒకటుంటుంది. గాలినీ అలనూ ఉపగ్రహాల కబురునూ లెక్కగట్టి, వెనక్కి తిరగమంటే తిరగాలి. అది తిరగమంది. అతను దాని నోరు నొక్కేశాడు.

"సంద్రం నాకు తెలీదేటని గీర. మా తాతల కాణ్ణించీ ఈ నీళ్ళమీదే బతికినోళ్ళం గదా అని. ఆ రోజు తరవాత మళ్ళీ పడవెక్కలేదు డాక్టరమ్మా. నీళ్ళు సూస్తేనే కాళ్ళు వొణుకుతాయి. ఐసు గోదాములో మూటలు మోస్తన్నాను."

ఇద్దరి తలల మీదికీ యంత్రపు టోపీలు దిగాయి. ఆ రోజును తలుచుకోమని యంత్రం మృదువుగా అడిగింది. నూకరత్నం మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి. అద్దం ఇవతలి గదిలో తెర మీద ఎర్రటి చారలు లేచాయి.

అప్పుడు యంత్రం, డాక్టర్లకు మాత్రమే వినిపించేలా అంది. "ఈమె ముల్లు ఒంటరిగా లేదు. సముద్రమంటే భయంతో, పిల్లల మీది బెంగతో వేళ్ళు పెనవేసుకుని ఉంది. ముల్లు తీస్తే అవి కూడా వస్తాయి. ఆయన ముల్లూ అంతే. తీయమంటారా?"

శర్వాణి చెయ్యి మీట దగ్గర ఆగిపోయింది. "జహీర్, ఇలా ఎప్పుడూ అడగలేదిది."

"భయం పోతే నష్టమేముంది? హాయిగా బతుకుతారు" అన్నాడు జహీర్.

ఆమె అద్దంలోంచి చూసింది. అవతల కావేరి ఒక చేత్తో అమ్మ చేతినీ, ఇంకో చేత్తో మావయ్య చేతినీ పట్టుకుని, కళ్ళార్పకుండా ఇటే చూస్తోంది. ఆ చూపును శర్వాణి తట్టుకోలేకపోయింది.

"తీయి" అంది.

టోపీలు పైకి లేచాక నూకరత్నం అన్న ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇలా సన్నబడిపోనావేటి అన్నియ్యా? ఒంటిమీద కండే లేదు. రేత్రికి మా ఇంటికాడే తిను."

కావేరి బావురుమని ఏడ్చి ఇద్దరినీ వాటేసుకుంది. జహీర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. శర్వాణి ఆ రోజంతా గాలిలో తేలుతున్నట్టే తిరిగింది.

ఏడాది తిరక్కుండానే సింహాద్రి కొత్త పడవ కొన్నాడు. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టే రోజున శర్వాణిని భీమిలి రమ్మని పిలిచారు. ఆమె వెళ్ళేసరికి పడవకు పసుపు రాసి, బంతిపూలు కట్టి ఉన్నాయి. చుక్కాని దగ్గర కావేరి నిలబడి ఉంది. ఎండకు నల్లబడింది, నవ్వితే పళ్ళు మెరుస్తున్నాయి.

"శని, ఆదివారాలు నేనే నడుపుతున్నాను డాక్టర్ గారూ. మావయ్య అన్నీ నేర్పేస్తున్నాడు!"

నూకరత్నం ఆకులో ప్రసాదం పెట్టి ఇచ్చింది. "దీని నాన్నని కూడా ఇలాగే తీసికెల్లీవోడు" అంది, కూతురి వైపు చూస్తూ. ఆమె గొంతులో చిన్న వణుకైనా లేదు. ఎండ ఎక్కువగా ఉందనో, చేపలు చవగ్గా దొరికాయనో చెప్పినట్టు చెప్పింది.

శర్వాణి నోట్లోని కొబ్బరిముక్క నమలకుండా ఉండిపోయింది. పడవెక్కి చూసింది. హెచ్చరిక పెట్టె మీద దీపం ఆరిపోయి ఉంది.

"ఇది పనిచేయడం లేదా?"

"పనికేటి, బేషుగ్గా సేస్తాది" అన్నాడు సింహాద్రి తాడు చుట్టుకుంటూ. "ఊరికే వాగుతాదని నొక్కీసాను."

"గౌరీశు పోయిన రోజు కూడా ఇలాగే నొక్కేశారు కదా?"

"ఔనమ్మా. ఆ రోజూ నొక్కీసాను."

అంతే. అతను తాడు చుట్టడం ఆపలేదు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో ఏదైనా కదులుతుందేమోనని ఆమె వెతికింది. ఏమీ కదల్లేదు. అతనికి అంతా గుర్తుంది. ఆ గుర్తు ఇప్పుడు ఎక్కడా గుచ్చుకోవడం లేదు.

తిరిగి వచ్చిన వెంటనే ఆమె జహీర్‌తో చెప్పింది. "మనం ముల్లనుకున్నదే ఆ ఇంటికి కంచె. ఆవిడ కోపం ఆ పిల్లలను సముద్రానికి దూరంగా ఉంచింది. అతని అపరాధం అతన్ని ఒడ్డు మీద కట్టేసింది. రెండూ పీకేశాం."

"నువ్వు మరీ దూరం ఆలోచిస్తున్నావు. ఎవరి ప్రాణం మీద వారికి తీపి ఉండదా? జరిగింది గుర్తుంది కదా వాళ్ళకు!"

"గుర్తుంటే చాలదు జహీర్. నిప్పు కాలుస్తుందని తెలిసి చెయ్యి తీయం. కాలితేనే తీస్తాం."

జహీర్ నవ్వి ఊరుకున్నాడు. ఆమె రెండుసార్లు నూకరత్నానికి ఫోన్ చేసి, పిల్లను పంపవద్దని చెప్పింది. రెండుసార్లూ ఆవిడ "అలాగేనమ్మా" అంది. శర్వాణిని నొప్పించడం ఇష్టంలేక అని ఉంటుంది.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. గాలి ముదిరేలోగా తోట తాళ్ళు బిగించి వద్దామని సింహాద్రి బయలుదేరాడు. కాలేజీ లేదు కనక కావేరి కూడా ఎక్కింది. నూకరత్నం ఇద్దరికీ క్యారేజీ కట్టి ఇచ్చింది. పడవ మధ్యాహ్నానికే తిరగబడింది. సింహాద్రి ఒక వెదురు తెప్పను పట్టుకుని బతికాడు. కావేరి మరునాడు చేపలుప్పాడ ఒడ్డున దొరికింది.

దినాలు అయ్యాక నూకరత్నం విశల్య కేంద్రానికి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. గొంతు పోయింది. సింహాద్రి గేటు బయట, చెప్పులు విడిచే చోట నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆమె శర్వాణి రెండు చేతులూ పట్టుకుంది.

"తీసీయండి డాక్టరమ్మా. ఇంతకుముందు తీసినట్టే తీసీయండి. కళ్ళు మూస్తే పిల్ల కనపడతంది. కళ్ళు తెరిస్తే ఆడు కనపడతన్నాడు. ఆణ్ణి సంపీయాలనుంది. సంపీసి నాను సావాలనుంది."

శర్వాణి ఏడుపు ఆపుకుంది. "నూకరత్నం గారూ, నా మాట వినండి. పోయినసారి తీసి నేనే తప్పు చేశాను. ఈ బాధ మీకు కావాలి. చిత్ర కోసం కావాలి. ఇది ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లను మీరు పడవ ఎక్కనివ్వరు."

నూకరత్నం చేతులు వదిలేసింది. "నొప్పి మంచిదని సెప్పీవోళ్ళకి నొప్పుండదమ్మా."

అయినా శర్వాణి తల అడ్డంగా ఊపింది.

వెనకనుంచి జహీర్ ముందుకు వచ్చాడు. "రండమ్మా. నేను చూస్తాను" అన్నాడు. శర్వాణి అడ్డం నిలబడితే, ఆమెకు మాత్రమే వినపడేలా, "ఇంతగా ఏడుస్తున్న మనిషికి మందు లేదనడానికి మనమెవరం?" అన్నాడు.

"ఆ మందే ఆ పిల్లను చంపింది!"

"సముద్రం చంపింది శర్వాణీ. పక్కకు జరుగు."

అతను సింహాద్రిని కూడా లోపలికి పిలిచాడు. తలుపు మూసుకుంది. శర్వాణి తన తెల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసి బయటికి నడిచింది. ఆ తర్వాత ఆమె జహీర్‌తో మాట్లాడలేదు.

యంత్రాన్ని ఆపించాలని ఆమె రాష్ట్ర ఆరోగ్య సంఘం ముందుకు వెళ్ళింది. సంఘంవారు కాఫీ ఇచ్చి, ఓపికగా విన్నారు.

"ఇది ఒక్క ఇంటి కథ కాదు. భార్యను కొట్టి, వారం వారం ముల్లు తీయించడానికి తీసుకొస్తున్న మగవాళ్ళున్నారు. తమ్ముడి వాటా మింగి, అదే సాయంత్రం అతన్ని కుర్చీలో కూర్చోబెట్టిన అన్నలున్నారు. తప్పు చేసినవాడికి ఇప్పుడు ఏ ఖర్చూ లేదు. బాధ పడినవాడు ప్రతిసారీ కొత్త మనిషై మళ్ళీ పడుతున్నాడు" అంది శర్వాణి.

అధ్యక్షురాలు సానుభూతిగా తల పంకించింది. "ఆ భార్యలు మీ కేంద్రం నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు ఎలా ఉన్నారు డాక్టర్?"

"సంతోషంగానే..."

"మరి ఫిర్యాదు ఎవరిది?"

మరోసారి విచారణకు రమ్మన్నారు. ఈలోగా పాత పేషెంట్లు ఆమె ఇంటికి వచ్చి దండలు వేసి, తమ కాపురం నిలబెట్టింది మీరేనని చెప్పి వెళ్ళారు. పత్రికలవారు ఆమెకు అలసట ఎక్కువైందన్నారు. ఎవరూ ఆమె మీద కోప్పడలేదు. ఊరంతటిలో కోపంగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

కళ్ళు మూసుకుంటే అద్దం అవతల కావేరి నిలబడేది, రెండు చేతుల్లో రెండు చేతులు పట్టుకుని. 'తీయి' అన్న తన గొంతు తనకే వినిపించేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. అయినా ఆమె ఎవరితోనో ఒకరితో వాదిస్తూనే ఉంది, సముద్రతీరాన తిరుగుతూనే ఉంది. చిత్ర చదివే బడికి వెళ్ళి, గేటు దగ్గర నిలబడి, "పడవ ఎక్కకమ్మా, ఎవరు పిలిచినా ఎక్కకు" అని ఆ పిల్లతో ప్రమాణం చేయించుకుంది. నొప్పి ఆమెను ఒక్కచోట కూర్చోనివ్వలేదు.

ఒక సాయంత్రం జహీర్ ఆమె ఇంటికి వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడి అన్నాడు. "నీతో మాట్లాడకుండా నాకు ఏమీ సయించడం లేదు. నేనొక్కణ్ణే వెళ్ళి తీయించుకోవచ్చు. కానీ నీకు నొప్పి ఉండగా నేను హాయిగా ఉండటం నమ్మకద్రోహం అనిపించింది."

అతను ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ళలో జహీర్ ఇలా ఏడవడం ఆమె చూడలేదు.

"నీ మాటే నిజం కావచ్చు. యంత్రాన్ని ఆపాలంటే ఆపుదాం. నేనూ నీతో సంఘం ముందు నిలబడతాను. కానీ ఈ స్థితిలో నువ్వెలా పోరాడతావు? తిండి లేదు, నిద్ర లేదు. ఒక్కసారి నాతో కూర్చో. మనసు తేరుకుంటే ఇంకా స్పష్టంగా చెప్పగలవు."

ఆమె వద్దంది. చాలాసేపు వద్దంటూనే ఉంది. కానీ అతను వెళ్ళిపోబోతుంటే, ఖాళీ ఇల్లు చూసి ఆమెకు భయం వేసింది. చెప్పులు వేసుకుంది.

కుర్చీలో కూర్చున్నాక ఆమె తన యంత్రాన్ని అడిగింది. "నేను నిజం మర్చిపోతానా?"

"లేదు. అన్నీ గుర్తుంటాయి" అంది విశల్య.

"ఇది ఆపాలన్న సంగతి?"

"అదీ, దానికి కారణమూ గుర్తుంటాయి."

"ఈ బాధ లేకుండా కూడా నేను ఆ పని చేస్తానా?"

"ఆ కొలత నా దగ్గర లేదు, డాక్టర్."

టోపీ అంచు ఆమె నుదుటిని తాకింది. ఇప్పటికీ లేచిపోవచ్చని ఆమెకు తెలుసు. కారణం గుర్తుంటే చాలు, పని అదే జరుగుతుంది అనుకుంది. పక్క కుర్చీలోంచి జహీర్ చెయ్యి చాచాడు. ఆమె పట్టుకుంది. "తీయి" అంది.

ఆ వారమంతా బాగా గడిచింది. ఆమె కడుపునిండా తింది, కంటినిండా నిద్రపోయింది. తెల్లకోటు మళ్ళీ వేసుకుంది. సంఘం విచారణ తేదీ వచ్చి వెళ్ళింది. వెళ్ళాలనే అనుకుంది. ఆ రోజు కేంద్రంలో జనం ఎక్కువగా ఉన్నారు. వచ్చే నెల వెళ్ళవచ్చులే అన్నాడు జహీర్. ఔను, తొందరేముంది అంది ఆమె.

ఆదివారం పొద్దున ఇద్దరూ శర్వాణి ఇంటి వరండాలో టీ తాగుతుండగా, నూకరత్నం, సింహాద్రి గేటు తీసుకుని వచ్చారు. బుట్టలో పచ్చి రొయ్యలు తెచ్చారు. వెనక చిత్ర ఉంది, మోకాళ్ళదాకా వేలాడే లైఫ్ జాకెట్ వేసుకుని.

"దీనికి ఈత వొచ్చీసింది డాక్టరమ్మా" అంది నూకరత్నం మురిపెంగా. "అక్కలాగే సుక్కాని పట్టుకుంటానని ఒకటే గోల."

చిత్ర శర్వాణి ముఖంలోకి అనుమానంగా చూసింది. "డాక్టర్ గారూ, మీకు ప్రమాణం చేశాను కదా. మరి ఎక్కనా?"

శర్వాణి ఆకాశంకేసి చూసింది. తూర్పున మబ్బు దట్టంగా ఉంది, గాలి దిక్కు మారింది. ఆమెకు గౌరీశు గుర్తొచ్చాడు. కావేరి గుర్తొచ్చింది. పడవలో దీపం ఆరిన పెట్టె గుర్తొచ్చింది. ఏదీ మర్చిపోలేదు. ఇప్పుడు తను ఏదో అనాలన్న సంగతి కూడా తెలుసు. కానీ ఇంత ప్రశాంతమైన పొద్దున, అందరూ ఇంత సంతోషంగా ఉన్నప్పుడు, కాదని వాళ్ళ ముఖాలు చిన్నబుచ్చడం ఎందుకో అవసరం అనిపించలేదు.

ఆమె వంగి, జారిపోతున్న జాకెట్ బెల్టును ఆ పిల్ల నడుముకు బిగించింది.

"వెళ్ళి రా తల్లీ" అంది.

వాళ్ళు సముద్రపు గోడ మెట్లెక్కి, అవతలికి దిగి కనబడకుండా పోయేదాకా నిలబడి చెయ్యి ఊపింది. టీ చల్లారిపోతోందని జహీర్ పిలిచాడు. శర్వాణి వచ్చి కూర్చుంది.